చిత్త కార్తెలో వేసవి ఎండ, కంది పూత నిలిచేదెట్లా?

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది అనంతపురం జిల్లా, ఎర్రనేల. శెనక్కాయలో కంది సాళ్లు వేసినాం. ఈ 2023 ఆగస్టు దేశంలో 1901 నుంచి చూస్తే అన్నిటికన్నా వాన తక్కువ పడిన ఆగస్టు. నేల గట్టిపడి శెనక్కాయకు కాయ పట్టే ఊడలు నేలలోకి దిగలేదు, అది మేతకే. ఆశంతా కంది మీదే. అక్టోబరు వచ్చి చిత్త కార్తెలోనూ ఎండ మాడ్చేస్తోంది. కొమ్మ తాకితే చాలు, పసుపు పూలు తొడిమలతో సహా రాలుతున్నాయి. బోరు కాసేపు పోసి ఆగిపోతోంది. ఆ కాస్త నీళ్లు పూతకిస్తే మేలా, కాయ పడ్డాకనా? పూత నిలవడానికి పొటాషియం నైట్రేట్ ఎరువు లీటరు నీళ్లకు 10 గ్రాములు కలిపి కొట్టమంటున్నారు. నేలలో పదును లేనప్పుడు కొడితే ఆకు మాడదా? మందుల కొట్టు మాట కాదు, చేలో చూసినోళ్ల మాట కావాలి. ఇట్లాంటి ఎండలో మీరు ఏ పూట కొట్టినారు, పూత నిలిచిందా? దయచేసి చెప్పండి.