హమాలీల నడుముకు మోటారు పట్టీలు కట్టాలా, బస్తా బరువు తగ్గించాలా?

కృష్ణాతీరం:
మా ఊళ్లో రైస్ మిల్లు నడిపే మిత్రుడు ఒకాయన ఒక ఆలోచనలో ఉన్నాడు. ముఠా కార్మికులు దొరకడం లేదు, ఉన్నవాళ్లకు నలభై దాటేసరికి నడుములు పోతున్నాయి. అందుకని ఒంటికి తొడుక్కునే మోటారు పరికరాలు, అవే ఎక్సోస్కెలిటన్లు, తెప్పిస్తే ఎలా ఉంటుందని అడుగుతున్నాడు. టోక్యోలోని హనేడా విమానాశ్రయం 2015లోనే సామాను ఎత్తేవాళ్ల కోసం సైబర్‌డైన్ కంపెనీ 'హాల్' పరికరాన్ని తీసుకుంది. దాన్ని నడుముకీ తొడలకీ బిగిస్తారు. మనిషి లేవబోతుంటే కండరాలకు వచ్చే విద్యుత్ సంకేతాన్ని చర్మం మీదే పసిగట్టి మోటారు సాయం చేస్తుంది. నాకైతే ఇది మంచి పనే అనిపిస్తోంది. మోయక తప్పనప్పుడు ఆ శ్రమలో కొంత యంత్రం పంచుకుంటే తప్పేముంది?

ఓరుగల్లు ఫిజియో:
కృష్ణాతీరం గారూ, వంగి లేచేటప్పుడు వీపు కండరాల శ్రమ తగ్గే మాట నిజమే, ప్రయోగశాలల్లో కొలిచి చూపించారు. కానీ నాకు పాత నడుము బెల్టుల సంగతి గుర్తొస్తోంది. అమెరికా గోదాముల్లో, దుకాణాల్లో అవి విపరీతంగా వాడుకలోకి వచ్చాయి. అక్కడి వృత్తి భద్రత పరిశోధన సంస్థ నియోష్ 1994లో వాటిని సిఫార్సు చేయలేమంది. 2000లో 9 వేలకు పైగా దుకాణ ఉద్యోగులను పరిశీలించి, బెల్టు కట్టినా కట్టకపోయినా నడుము దెబ్బల్లో తేడా కనిపించలేదని తేల్చింది. మోటారు పరికరం బెల్టు లాంటిది కాదు, నిజంగానే బలం ఇస్తుంది. కానీ ఏళ్ల తరబడి వాడితే డిస్కు ఎలా ఉంటుందో చెప్పే గట్టి ఆధారాలు ఇంకా రాలేదు. అదే నియోష్ లెక్క ప్రకారం పరిస్థితులన్నీ అనుకూలంగా ఉన్నా చేత్తో ఎత్తే బరువు 23 కిలోలు దాటకూడదు. మన బస్తా 50 కిలోలు! దాన్ని వదిలేసి పరికరం గురించి ఎందుకు మాట్లాడుతున్నాం?

మిషిగన్ తెలుగు:
ఫిజియో గారూ, మరీ అంత అనుమానం వద్దండి. నేను కార్ల ప్లాంటులో పనిచేస్తాను. ఫోర్డ్ 2018లో ఎక్సో బయోనిక్స్ వారి చొక్కాను 7 దేశాల్లోని 15 ప్లాంట్లకు తీసుకెళ్లింది. దానికి మోటారు ఉండదు, స్ప్రింగులతో ఒక్కో చేతికి సుమారు 2 నుంచి 7 కిలోల వరకు ఊతం ఇస్తుంది. తలపైన బోల్టులు బిగించేవాళ్లకు భుజాల నొప్పి ఎంత నరకమో రోజూ చూస్తున్నాను. ఇక్కడ ఇలాంటివి వేసుకున్నవాళ్లు సాయంత్రానికి హాయిగా ఉందనే అంటారు. అదే సుఖం మన హమాలీకి అక్కర్లేదా?

ముఠా మేస్త్రి కొడుకు:
మిషిగన్ అన్నా, సుఖం ఎవరికి చేదు? కానీ మీ దగ్గర కారు కదిలి వస్తుంది, మనిషి ఉన్నచోటే ఉంటాడు. మా నాన్న చేసిన పని అలాంటిది కాదు. ఇద్దరు బస్తాను చెరో వైపు పట్టి లేపి మూడో మనిషి వీపు మీద వేస్తారు. అతను మెడ వంచి, తలగుడ్డ మీద ఆనించుకుని, చెక్క బల్ల మీద నడిచి లారీ ఎక్కుతాడు. నడుము పరికరం ఫ్రేమూ బ్యాటరీ ఉండేది సరిగ్గా ఆ వీపు మీదే. మరి బస్తా ఎక్కడ వేయాలి?

ఇంకోటి, ఈ నడుము మోటారు వంగి లేవడానికే సాయం. నడిచేటప్పుడు బస్తా బరువు అలాగే వెన్ను, మోకాళ్లు, మడమల మీదుగా దిగుతుంది. బరువును నేరుగా నేలకు దించాలంటే నిలువెల్లా తొడిగే యంత్రం కావాలి. 1960ల్లో జనరల్ ఎలక్ట్రిక్ 'హార్డీమాన్' పేరుతో మొదలుపెడితే దాని బరువే దాదాపు 680 కిలోలు, చివరికి ఒక చెయ్యి మాత్రమే సరిగ్గా పనిచేసింది. సార్కోస్ కంపెనీ 90 కిలోలు ఎత్తే 'గార్డియన్ ఎక్స్‌ఓ' చూపించి, 2020లో డెల్టా విమాన సంస్థతో జత కట్టింది. తర్వాత సాఫ్ట్‌వేర్ వైపు మళ్లి 2024లో పేరే మార్చుకుంది.

ఇక కూలి. మాకు నెల జీతాలు లేవు, బస్తాకు ఇంతని లెక్క. నడక నెమ్మదిస్తే ఆ రోజు డబ్బులు తగ్గుతాయి. మే నెల ఎండలో, ఊక దుమ్ములో, చొక్కా కూడా భరించలేక విప్పేసే మనిషికి పట్టీలు బిగిస్తారా?

కృష్ణాతీరం:
తమ్ముడూ, వీపు మీద ఫ్రేము సంగతి నేను ఆలోచించలేదు, మా మిత్రుడికి చెబుతాను. కానీ బస్తా 25 కిలోలు చేస్తే తిరగడం రెట్టింపు అవుతుంది, సంచుల ఖర్చు పెరుగుతుంది. అది జరిగే పనేనా?

ఖమ్మం కిరాణా:
జరిగిందండీ, మన కళ్లముందే. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది. చూస్తుండగానే మా కొట్టుకు 26 కిలోల బస్తాలు వచ్చాయి. పన్ను తప్పించుకోవడానికి సంచి మార్చినవాళ్లు మనిషి నడుము కోసం మార్చలేరా? ఈ మాట తలుచుకుంటేనే నాకు కోపం వస్తుంది.

మిషిగన్ తెలుగు:
కొట్టుకు వచ్చే బస్తా సరే, సర్కారు గోదాములకు వెళ్లేది 50 కిలోలదే కదండీ. అది మారేలోగా, ఇప్పటికే నడుము పట్టేసిన యాభై ఏళ్ల మనిషికి మీరేం చెబుతారు? ఆగమంటారా?

ఓరుగల్లు ఫిజియో:
ఆయన్ను ఆగమనను. మోయడం మానిపించమంటాను. కన్వేయర్ బెల్టు పెడితే లారీ ఎక్కే పనే ఉండదు. నడుములో డిస్కు జారిన మనిషికి మోటారు కట్టి అదే బస్తా మళ్లీ ఎత్తించడం వైద్యం కాదండి.

ముఠా మేస్త్రి కొడుకు:
ఫిజియో గారి మాటే నా మాట. అయినా ఒక చోట పరికరం పనికొస్తుందని ఒప్పుకుంటాను. బస్తాను లేపి ఇచ్చే ఆ ఇద్దరూ రోజంతా వంగి లేస్తూనే ఉంటారు, వీపు మీద బరువు ఉండదు. పెడితే వాళ్లకు పెట్టి చూడండి. ఆ రోజుల్లో బస్తా లెక్క కాకుండా రోజు కూలి ఇవ్వాలి. వద్దనిపిస్తే విప్పేసే హక్కు వాళ్లదే. కొన్ని కంపెనీల పరికరాలు ఎన్నిసార్లు ఎత్తారో లెక్కగట్టి నెట్‌లో పంపుతాయి, ఆ లెక్క యజమాని చేతికి పోకూడదు. బస్తా 25కి తగ్గించి, కూలి క్వింటాలు లెక్కన కట్టమని మా ముఠా కూడా అడుగుతోంది, అప్పుడు బస్తా చిన్నదైనా మోసిన బరువుకు వచ్చే కూలి తగ్గదు. కృష్ణాతీరం గారూ, మీ మిత్రుడు వీటిలో దేనికి ఒప్పుకుంటారో కనుక్కుని ఇక్కడే రాయండి.