సర్కారు డేటాతో దేశం ఎంత మారిందో మామూలు జనానికి చూపించాలంటే ఎలా?

ప్రశ్న:
అందరికీ నమస్తే అండి. మా ఊరి లైబ్రరీ గోడకి ఒక చార్ట్ చేద్దామనుకుంటున్నా, దేశం ఎంత మారిందో సర్కారు లెక్కలతోనే చూపించాలని. డేటా డాట్ గవ్ డాట్ ఇన్‌లో చూస్తే బోలెడన్ని ఫైళ్లు, ఏది తీసుకోవాలో అర్థం కావట్లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు 1:
ఆ పోర్టల్ 2012లో వచ్చింది, మంచిదేగానీ ఒక్కో శాఖ ఒక్కోలా పెడుతుంది, కొత్తవాళ్లకి తలనొప్పే. మీరు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసుకోండి, చాలావరకు అవే ప్రశ్నలు ప్రతిసారీ అడుగుతారు కాబట్టి పోల్చడం తేలిక. ఆసుపత్రి కాన్పులు 2015-16లో 79 శాతం, 2019-21కి 89 శాతం, ఇది ఏ అమ్మమ్మకి చూపించినా ఇట్టే అర్థమైపోద్ది.

జవాబు 2:
కరెక్టే, కానీ మంచి నంబర్లే ఏరి పెట్టకండి ప్లీజ్. అదే సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత 53 నుంచి 57 శాతానికి పెరిగింది, నాకైతే అది చూసి చాలా బాధేసింది. రెండూ పక్కపక్కనే పెడితేనే జనం నమ్ముతారు. ఇంకోటి, బార్ గ్రాఫ్ సున్నా నుంచే గీయండి, 75 నుంచి గీస్తే 79కీ 89కీ మధ్య కొండంత తేడా ఉన్నట్టు కనబడుద్ది.

జవాబు 3:
తెలంగాణ అయితే జిల్లా లెక్కలతో జాగ్రత్త అన్నా, 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి కదా, పాత వరంగల్‌ని కొత్త వరంగల్‌తో పోలిస్తే తప్పు. రాష్ట్రం మొత్తం లెక్క వాడు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి, కాన్పులు, రక్తహీనత రెండూ పెడతా, కింద సర్వే పేరు, సంవత్సరం కూడా రాస్తా.