మార్ఫా చరిత్రలో కరువునీ కళనీ విడదీసి చూపడం ఎలా?

టెక్సస్‌లోని మార్ఫాపై తెలుగులో రాస్తున్న వ్యాసానికి ఒక చోట సాయం కావాలి.

1883లో రైలింజన్లకు నీళ్లు పట్టే మజిలీగా పుట్టిన ఊరు అది. పశువుల పెంపకం, సైనిక శిబిరం దాన్ని నిలబెట్టాయి. 1946లో ఆ శిబిరం, ఫోర్ట్ డి.ఎ. రసెల్, మూతపడింది, 1950లలో కరువొచ్చింది. శిల్పి డొనాల్డ్ జడ్ 1970ల మొదట్లో వచ్చేసరికి ఖాళీ భవనాలు చవగ్గా దొరకడానికి ఇవే కారణాలు. ఆ శిబిరంలోని పాత ఫిరంగి షెడ్లు రెండింటిలో ఆయన 100 అల్యూమినియం పెట్టెలు అమర్చాడు. అన్నిటి బయటి కొలతా ఒకటే, 41×51×72 అంగుళాలు; లోపలి అమరిక మాత్రం దేనికదే. ఎంత చూసినా తనివి తీరని పని! 1986లో ఈ కళను చూపే మ్యూజియంగా చినాటి ఫౌండేషన్ తెరిచారు.

చిక్కల్లా ఇక్కడే. 2010 జనగణనలో ఊరి జనాభా 1,981 మాత్రమే. ఆ పట్టిక ఒక్కటే చూస్తే కళ ఏమీ మార్చలేదనిపిస్తుంది, కానీ ఇళ్ల ధరలు వేరే కథ చెబుతాయి. ఆస్తులు కొన్నది ఊరివాళ్లా, బయటివాళ్లా తేలాలి. అందుకే మార్ఫా ఉన్న ప్రెసిడియో కౌంటీ ఆస్తి రికార్డుల్లో పన్ను నోటీసు వెళ్లే చిరునామా ఊరిదా, బయటిదా అని ఏడాదివారీగా విడదీయాలి. జడ్ పేరుతో మాత్రమే వెతికితే ఆయనకు అండగా నిలిచిన కళా సంస్థ డియా ఫౌండేషన్ డబ్బుతో కొన్నవి తప్పిపోవచ్చు.

టెక్సస్ కౌంటీ రికార్డులతో పనిచేసినవారు చెప్పండి: 1970ల నాటి నోటీసు చిరునామాలు ఏ రిజిస్టరులో దొరుకుతాయి? దూరం నుంచి నకళ్లు తెప్పించుకోవడం ఎలా?