ఒంగోలు గిత్త ముఖచిత్రం ఏఐతో వేయిస్తే తప్పేంటి?

పెన్నఒడ్డు:
మన గ్రూపు వేస్తున్న కథల సంకలనం డెమ్మీ 1/8 సైజు, 160 పేజీలు. అట్ట మీద బండలాగే ఒంగోలు జత ఉండాలని అందరం అనుకున్నదే. ట్రంకురోడ్డు అన్న ఏఐతో చేసిన బొమ్మ పెట్టారు: ఎర్రమట్టి, లేచిన దుమ్ము, రెండు తెల్ల గిత్తలు, వెనక బండ. కొందరికి తెగ నచ్చింది, కొందరు వద్దే వద్దంటున్నారు. ప్రెస్సుకు పంపేలోపు తేల్చుకుందాం.

కరవది:
అది ఒంగోలు గిత్త కాదు. కొమ్ములు పొడుగ్గా పైకి లేచి వంపు తిరిగాయి, అవి గుజరాత్ కాంక్రేజ్ జాతి కొమ్ములు. మన గిత్త కొమ్ము పొట్టి, మొదట్లో లావు, బయటికీ వెనక్కీ పోతుంది. గంగడోలు మడతలు పడి బొడ్డు దాకా వేలాడాలి, ఇక్కడ మెడ దగ్గరే ఆగింది. కంటి చుట్టూ నల్ల అంచు లేదు. మగ పశువుకు తల, మెడ, మూపురం మీద బూడిద ఛాయ ఉంటుంది. ఇందులో సున్నం కొట్టినట్టు ఒకటే తెలుపు.

ట్రంకురోడ్డు డీటీపీ:
అన్నా, మీరు చెప్పినవన్నీ దిద్దొచ్చు. 'నెల్లూరు ఎద్దు' అని అడిగితే బ్రెజిల్ నెలోర్ వస్తుంది. అది మన జాతే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే గదా, ఆ పేరే అక్కడ నిలిచింది. కానీ అక్కడ మాంసం కోసం పెంచారు, ఒళ్లు తీరు వేరు. అందుకే మాటలకు వదిలేయకుండా పెన్సిల్ గీత గీసి కంట్రోల్‌నెట్‌లో (ఏఐ మన గీత దాటకుండా చూసే పరికరం) పెట్టాలి. కొమ్మును ముందు చేత్తో దిద్ది, ఆ మేరకే ముసుగు వేసి ఇన్‌పెయింట్ చేస్తే, అంటే అక్కడొక్కటే మళ్లీ వేయిస్తే, మిగతా బొమ్మ కదలదు. మార్పు బలం తక్కువగా ఉంచితే గీత నిలుస్తుంది, మరీ పెంచితే మళ్లీ కాంక్రేజ్ కొమ్మే మొలవొచ్చు. గంట పని.

కుంచె_కావలి:
కాడి ఎక్కడుందో చూశారా? మూపురం వెనక! కాడి మెడ మీద, మూపురానికి ముందు ఉంటుంది. గిత్త దాన్ని మూపురంతో నెడుతుంది, బండ కదిలేది ఆ నెట్టుడుకే. వెనక పెడితే లాగీ లాగగానే నడుం మీదికి జారిపోతుంది. మెడ కింద పలుపు లేదు. బండకు కట్టిన మోకు కుడి గిత్త పొట్టలోంచి బయలుదేరింది.

అసలు తప్పు అదీ కాదు. బరువు లాగే ఎద్దు తల దించుతుంది, వెనక కాళ్లు వంచుతుంది, గిట్టలు నేలలో దిగేసి ఒళ్లంతా ముందుకు వాలుస్తుంది. ఈ జత ఊరేగింపులో నడుస్తున్నట్టు నిటారుగా ఉంది. బండ బరువు బొమ్మలో ఎక్కడా తెలియడం లేదు. ముసుగులు వేసి ఒక్కో ముక్క మారిస్తే అది రాదు, మొదటి గీతలోనే రావాలి.

మైపాడు:
ముందు ప్రెస్సులో ఎట్టా పడుతుందో చెప్పండబ్బా.

ట్రంకురోడ్డు డీటీపీ:
చెప్తా. ముందు వైపు అట్ట 5.5 × 8.5 అంగుళాలు. 300 డీపీఐకి 1650 × 2550 చుక్కలు కావాలి, అంచులకు 3 మి.మీ. బ్లీడ్ (కోతలో పోయే భాగం) అదనం. ఏఐ ఇచ్చింది 1024 × 1536. అంటే అంగుళానికి సుమారు 180 చుక్కలే. అప్‌స్కేల్ చేస్తే, అంటే బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో పెద్దది చేస్తే, చుక్కలు పెరుగుతాయి గానీ లేని వివరాన్ని అది ఊహించి పెడుతుంది: వెంట్రుక ప్లాస్టిక్‌లా మెరుస్తుంది, మోకు పురి కరిగిపోతుంది. ఆ చోట్ల ఫొటోషాప్‌లో చేత్తో గీయాల్సిందే.

తెరమీద మండే ఎర్రమట్టి సీఎంవైకేలోకి (ప్రెస్సు నాలుగు సిరాల్లోకి) మార్చగానే మందగిస్తుంది. మూలల నలుపులో నాలుగు సిరాలు కలిసి 340 శాతం వచ్చింది. మన ప్రెస్సులో 300 దాటితే ఆరదు, పైషీటు వెనక్కి అంటుకుంటుంది. గిత్త ఒంటి బూడిద నాలుగు సిరాలతో పడితే కాస్త తేడా వచ్చినా పచ్చగానో గులాబీగానో తిరుగుతుంది, కాబట్టి ఆ నీడను ఎక్కువగా నల్ల సిరాకే అప్పజెప్పాలి.

వెన్ను: 70 జీఎస్ఎం మాప్‌లిథో కాగితం 80 ఆకులు, సుమారు 7–8 మి.మీ. ఖాళీ కాగితాలతో నమూనా పుస్తకం కట్టించి కొలిచాకే ఖాయం చేస్తా.

పెన్నఒడ్డు:
పుస్తకం పేరు కూడా ఏఐ రాసిందేనా?

ట్రంకురోడ్డు డీటీపీ:
లేదు. దానికి అక్షరమూ బొమ్మే, వత్తు ఎక్కడ పడితే అక్కడ తగిలిస్తుంది. పేరు యూనికోడ్ ఫాంటుతో ఇన్‌డిజైన్‌లో విడిగా పెట్టా. అక్కడ వరల్డ్‌రెడీ కంపోజర్ (మన లిపుల్ని సరిగ్గా కూర్చే సెట్టింగు) వేయకపోతే వత్తులు విడిపోతాయి, అది కూడా చూసుకున్నా.

కరవది:
ఇవన్నీ సరే, కొమ్ముల సంగతి తేలలేదు. ఒంగోలు కథల పుస్తకం మీద గుజరాత్ కొమ్ములు ఉంటే మా ఊళ్లో ఒక్కరూ కొనరు.

కందుకూరు వకీలు:
హక్కు మాట కూడా చూడండి. 1957 కాపీరైటు చట్టం సెక్షన్ 2(డి)(6) ప్రకారం కంప్యూటరు పుట్టించిన రచనకు, దాన్ని పుట్టేలా చేసిన మనిషే కర్త. ఆ మాట 1994 సవరణలో వచ్చింది, నేటి ఏఐని తలచుకుని రాసింది కాదు. మీట నొక్కితే వచ్చిన బొమ్మ కన్నా, చేతి గీతతో మొదలై చేతి దిద్దుబాటుతో ముగిసిన బొమ్మ మీద మన వాదన గట్టిగా నిలుస్తుంది. గీతలు, మధ్య దశల ఫైళ్లు తేదీలతో దాచండి.

కుంచె_కావలి:
హక్కు అంటున్నారు కాబట్టి అడుగుతున్నా. దుమ్ముకు ఆ తెగిన అడ్డగీతలు, కంటికి ఒకే ఒక్క తెల్లచుక్క, మూపురం ఒక్క విసురులో తిరిగిన తీరు... ఇది యంత్రం గీతా? మన పాత వార్షిక సంచికలకు బొమ్మలు వేసిన పెద్దాయన గీత ఇది. ఇందులోకి ఎట్టా వచ్చింది?

ట్రంకురోడ్డు డీటీపీ:
దాచింది లేదు. పాత సంచికల్లోంచి ఆయన బొమ్మలు 22 స్కాన్ చేసి లోరా (ఏఐకి ఒకరి శైలి నేర్పే చిన్న ఫైలు) తయారు చేశా. చుట్టూ అక్షరాలు తుడిచి, ఒక్కోదానికి వివరణ రాసి, మూడు రాత్రులు కూచున్నా. శైలి మీద ఎవరికీ పట్టా లేదు. ఈ గ్రూపు అట్టలన్నిటికీ రూపాయి తీసుకోకుండా చేసింది నేనే, నన్ను దొంగను చేస్తున్నారా?

కుంచె_కావలి:
నువ్వు ఊరికే చేశావు గాబట్టి ఆయన బొమ్మలూ ఊరికే వస్తాయా తమ్ముడూ? నీ చేతి గీతలు 22 పెట్టి తయారు చేసుకుని ఉంటే నేను నోరు మెదిపేవాణ్ణి కాదు.

కందుకూరు వకీలు:
ఇద్దరూ ఆగండి. శైలికి రక్షణ లేదన్నది నిజం. కానీ 22 బొమ్మలను స్కాన్ చేయడం నకలు తీయడమే, అది కర్త హక్కులు చెప్పే సెక్షన్ 14 కిందికి వస్తుంది. శిక్షణ కోసం నకలు తీయొచ్చా లేదా అన్నదే 2024లో ఢిల్లీ హైకోర్టుకెక్కిన, వార్తా సంస్థ ఏఎన్ఐకీ ఏఐ కంపెనీ ఓపెన్‌ఏఐకీ మధ్య వ్యాజ్యంలో వాదన. సెక్షన్ 17(బి) ప్రకారం డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. అప్పుడైనా నా పేరు వేయమని అడిగే హక్కు సెక్షన్ 57 కింద చిత్రకారుడి దగ్గరే ఉంటుంది.

చీమకుర్తి:
ఆ బొమ్మలకు డబ్బులు ఇచ్చారా లేదా? అది చెప్పండి.

పెన్నఒడ్డు:
ఇవ్వలేదు. ఏడాదికి రెండు కాపీలు పంపేవాళ్లం. కొన్ని సంచికల్లో ఆయన పేరు కూడా పడలేదు.

కందుకూరు వకీలు:
అయితే 17(బి) మనకు పనికిరాదు. హక్కు ఆయనదే.

కుంచె_కావలి:
నా గొడవ ఇదే, ఏఐ కాదు. ముందు పేరు వేయలేదు, డబ్బివ్వలేదు. ఇప్పుడు ఆయన చెయ్యి తీసి డబ్బాలో పెట్టుకుని, ఇక ఆయనతో పనే లేదంటున్నాం. ఆయన ఇంకా గీస్తున్నారు, ఫోను చేస్తే ఎత్తుతారు. దుమ్ము, ఆకాశం, వెనక జనం ఏఐతో చేసుకోండి, గిత్తలు ఆయన గీయాలి. లోపలి పేజీలో ఏ పని ఎవరిదో, ఏది యంత్రానిదో రాయాలి.

ట్రంకురోడ్డు డీటీపీ:
ఆయన్ని అడగకపోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నా. లోరా ఫైలు తీసేస్తా. కానీ యంత్రం పేరు అట్ట లోపల వేయడానికి ఒప్పుకోను. ఫొటోషాప్ పేరు ఎప్పుడైనా వేశామా?

కుంచె_కావలి:
ఫొటోషాప్‌లో ఇంకొకరి 22 బొమ్మలు లేవు.

పెన్నఒడ్డు:
ఫైలు ప్రెస్సుకు వెళ్లదు. ఆదివారం నేనే పెద్దాయన దగ్గరికి పోయి వస్తా. పాత బొమ్మల లెక్క, ఈ అట్ట లెక్క కలిపి మాట్లాడతా. పేరు వేసే సంగతి ఆయన ముందే తేలుద్దాం.

కరవది:
పోయేటప్పుడు గిత్తల ఫొటోలు పట్టుకుపోండి. రేపు పొద్దున్నే, ఎండ పక్క నుంచి పడేటప్పుడు తీసి పంపుతా. ఫోను పశువు భుజం ఎత్తులో పట్టి, దూరంగా నిలబడి రెండింతల జూమ్‌లో తీస్తా. దగ్గర నుంచి తీస్తే తల పెద్దదై ఒళ్లు కుదించుకుపోతుంది. కాడి కట్టినప్పుడు ఒకటి, బండ కదిలేటప్పుడు ఒకటి, కొమ్ములు ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి.