పీసీఓఎస్: రోమాల స్కోరు తక్కువే, బాధ మాత్రం ఎక్కువ. ఎందుకని?

మాలతి: పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పడం, రోమాలు, మొటిమలు వచ్చే పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) వల్ల రోజువారీ బతుకు ఎంత దెబ్బతింటోందో లెక్కగట్టే ప్రశ్నావళి ఏమైనా ఉందా? ఒంటి మీద రోమాలు ఎంత దట్టంగా ఉన్నాయో డాక్టరు చూసి వేసే ఫెర్రిమన్-గాల్వే స్కోరు 4 దాటనివాళ్లు కూడా గడ్డం మీది రోమాలతో నలిగిపోతుంటారు. స్కోరుకీ బాధకీ ఎందుకు పొంతన కుదరదు?

నిశి: ఉందండి, పీసీఓఎస్‌క్యూ. 1998 నుంచి వాడుతున్నారు. 26 ప్రశ్నలు; మానసిక స్థితి, రోమాలు, బరువు, సంతానలేమి, నెలసరి అని ఐదు భాగాలు. మొటిమల ఊసు తర్వాత సవరించిన దాంట్లో చేరింది. ఒక్కో ప్రశ్నకు 1 నుంచి 7 మార్కులు. ఎక్కువ వస్తే మంచిది, చాలామంది దీన్ని తిరగేసి చదువుతారు. అన్నీ కలిపి సగటు తీయడం ఇంకో పొరపాటు. రోమాలకు 2, సంతానానికి 6 వస్తే సగటు 4. చూడ్డానికి ఫర్వాలేదనిపిస్తుంది, అసలు గోడు అందులో మునిగిపోతుంది.

చామంతి: రోమాల స్కోరు ఒంటి మీద 9 చోట్ల చూసి, చోటుకి 4 చొప్పున 36కి వేస్తారు. గడ్డం ఒక్కచోటే ఎంత దట్టంగా ఉన్నా 4కి మించదు. పైగా ముందురోజే త్రెడింగ్ చేయించుకుని వెళ్తే డాక్టరుకు కనిపించేదేముంటుంది? అందుకే "రోజు విడిచి రోజు, 20 నిమిషాలు పీకాల్సి వస్తోంది" అని లెక్కతో చెప్పాలి.

లేజర్‌కి వెళ్లేవాళ్లు కొన్ని వారాల ముందు నుంచే పీకడం, వ్యాక్సింగ్ ఆపాలి. వెలుగును పట్టుకునేది కుదుట్లోని నల్లరంగు. కుదురే లేకపోతే వెలుగు వృథా. షేవ్ చేసుకోవచ్చు. దానివల్ల మందంగా మొలుస్తాయన్నది ఉత్తమాట.

నిశి: మాత్రలతో మొటిమలు మూడు నెలల్లో తగ్గుముఖం పడితే, రోమాలకు కనీసం ఆరు నెలలు. ఇప్పటికే ముదిరిన వెంట్రుక తన వంతు పెరిగి రాలాలి కదా. రెండు నెలలకే "పనిచేయట్లేదు" అని మానేస్తే ఏం లాభం? దిగులు, ఆందోళన గురించి అడగకపోయినా అందరినీ పరీక్షించాలని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. గురక, పగటి మగత ఉంటే నిద్రలో శ్వాస ఆగుతోందేమో చూపించుకోవాలి. నీరసమంతా బరువు మీదికి నెట్టేయకూడదు.

మాలతి: నెలసరి రాకపోతేనే హాయి అని ఆ భాగానికి 7 వేసేవాళ్ల సంగతో?

చామంతి: అక్కడ మార్కుల్ని నమ్మొద్దు. 90 రోజులు దాటినా రాకపోతే గర్భాశయ లోపొర పేరుకుపోతుంటుంది, నొప్పి ఉండదు. గర్భం లేదని తేల్చుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.