ఈ-సిగరెట్ ద్రవంలో (ఈ-లిక్విడ్) జీబ్రాఫిష్ లార్వాల కదలిక తగ్గింది: నికోటిన్ వల్లా, పీజీ-వీజీ వల్లా?

పరిగపిల్ల (ప్రశ్న):
ద్రవంలో పీజీ (ప్రొపిలీన్ గ్లైకాల్), వీజీ (వెజిటబుల్ గ్లిజరిన్) సగం సగం, మిల్లీలీటరుకు 6 మి.గ్రా. ఫ్రీబేస్ (ఆమ్లంతో కలపని) నికోటిన్, వెనిలా ఫ్లేవర్. జీబ్రాఫిష్ గుడ్లను ఫలదీకరణ తర్వాత 6వ గంట నుంచి 120వ గంట దాకా, ఈ ద్రవం 1 శాతం కలిపిన ఈ3 మీడియంలో (చేప పిండాల్ని పెంచే పలుచని ఉప్పునీరు) ఉంచాను. 24 వెల్స్ (గుంటలు) ఉన్న ప్లేటు, 28.5 డిగ్రీలు, మధ్యలో మీడియం మార్చలేదు. కంట్రోల్ ఉత్త ఈ3. కొన్ని చచ్చిపోయాయి, మిగతావి గుడ్డులోంచి ఆలస్యంగా బయటికొచ్చాయి, ఐదో రోజు లైట్-డార్క్ (వెలుతురు, చీకటి మార్చి చూసే) పరీక్షలో కదలిక బాగా తక్కువ. న్యూరోటాక్సిసిటీ (నరాల మీద విషప్రభావం) అని రాయొచ్చా? ఏ పదార్థం వల్లో తేల్చడం ఎలా?

తూనికరాయి:
ఈ డేటాతో అలా రాయలేరండీ. ముందు డోసు చూడండి. 1 శాతం అంటే లీటరుకు 60 మి.గ్రా. నికోటిన్, అణుభారం 162 కాబట్టి దాదాపు 370 మైక్రోమోలార్. 15–30 మైక్రోమోలార్ దగ్గరే మోటార్ న్యూరాన్ల (కండరాల్ని కదిలించే నాడీకణాలు) ఆక్సాన్లు, అంటే పొడవాటి పోగులు, దారి తప్పడం, తాకితే స్పందన మందగించడం కనిపిస్తాయి. మీరు దానికి పది రెట్లు పైన ఉన్నారు, కదలిక తగ్గకపోతేనే వింత. 30 మైక్రోమోలార్‌కి మీ ద్రవం 0.08 శాతం చాలు.

పీజీ, వీజీ ఏమీ చేయవనుకోవడం కూడా తప్పే. 1 శాతం దగ్గర ఆ రెండూ కలిసి లీటరుకు 137 మిల్లీమోల్స్ దాకా చేరతాయి. ఈ3 ఆస్మొలాలిటీ (కరిగిన కణాల సాంద్రత) 12 మిల్లీఆస్మోల్స్ ప్రాంతం, మీ వెల్‌లో అది 150 అయింది. 0.08 శాతంలో అదనం 11 మాత్రమే.

అంతకంటే పెద్ద తంటా ఆక్సిజన్. ఈ రెండూ బాక్టీరియాకి మంచి మేత. ఒక గ్రాము పీజీ పూర్తిగా ఆక్సీకరణ చెందాలంటే 1.7 గ్రాముల ఆక్సిజన్ కావాలి. 28 డిగ్రీల నీటిలో లీటరుకు 8 మి.గ్రా. కూడా ఉండదు. (విమానాల మీద మంచు కరిగించే పీజీ ద్రవం వాగుల్లో కలిస్తే చేపలకు గండం అందుకే.) మీడియం మార్చకుండా అయిదు రోజులు ఉంచితే గుడ్డులోంచి బయటికి రావడం ఆలస్యం కావడానికి ఆక్సిజన్ లేమి ఒక్కటే సరిపోవచ్చు. రోజూ మీడియం మార్చండి, చచ్చినవాటిని వెంటనే తీసేయండి, మార్చే ముందు కరిగిన ఆక్సిజన్ కొలవండి.

గ్రూపులు: ఉత్త ఈ3, ఉత్త పీజీ-వీజీ, పీజీ-వీజీలో నికోటిన్, పీజీ-వీజీలో ఫ్లేవర్, అన్నీ కలిపినది. సీసా లేబుల్‌ని నమ్మకుండా శుద్ధమైన రసాయనాలతో మీరే కలపండి, నికోటిన్‌ని హెచ్‌పీఎల్‌సీతో (రసాయనాల్ని వేరుచేసి కొలిచే పద్ధతి) సరిచూడండి. వీజీని మామూలు పిపెట్‌తో తీస్తే టిప్ గోడకే సగం అంటుకుంటుంది, తూకం వేసి కలపడమే మేలు.

నీటిగంట:
పై లెక్కలతో పేచీ లేదు, పీహెచ్ మాత్రం వదిలేశారు. నికోటిన్ పీకేఏ (సగం అణువులు చార్జితో, సగం చార్జి లేకుండా ఉండే పీహెచ్) 8 దగ్గర. చార్జి లేని రూపమే పొరలు దాటుతుంది: పీహెచ్ 7.2లో అది 14 శాతం, 8లో 50 శాతం. ఈ3కి బఫర్ బలం (పీహెచ్‌ని నిలబెట్టే శక్తి) లేదు. ఫ్రీబేస్ పీహెచ్‌ని పైకి, బెంజోయేట్ సాల్ట్‌లోని (బెంజోయిక్ ఆమ్లంతో కలిపిన నికోటిన్) ఆమ్లం కిందికి లాగుతుంది. అన్ని గ్రూపులకూ ఒకే పీహెచ్ కట్టకపోతే మీరు పోల్చేది వేర్వేరు డోసుల్ని.

ప్రవర్తన సంగతి. లార్వా నికోటిన్‌లో ఉండగానే పరీక్షిస్తే కనిపించేది గ్రాహకాలు మొద్దుబారిన తాత్కాలిక స్థితి, ఎదుగుదల లోపం కాదు. 96వ గంటకే కడిగి, శుభ్రమైన ఈ3లో ఒక రోజు ఉంచి పరీక్షించండి. ఈత తిత్తి నిండనివి, వెన్ను వంగినవి ప్రవర్తన లెక్కలోంచి తీసేసి, వాటి సంఖ్య విడిగా రాయండి. గుడ్డులోంచి బయటికి రావడమే వెనకబడితే, వయసు తక్కువ లార్వా తక్కువ కదులుతుందనే మామూలు వివరణ ముందు నిలుస్తుంది. నిడివి, కంటి పరిమాణం కొలిచి చూపాలి. పరీక్ష మధ్యాహ్నం తర్వాత పెట్టండి, ఉదయం కదలిక నిలకడగా ఉండదు. ఒకే గుడ్ల విడతలోని యాభై లార్వాలు యాభై నమూనాలు కావు, కనీసం మూడు వేర్వేరు విడతలు కావాలి.

పరిగపిల్ల:
చాలా ఉపయోగం. తర్వాత వెనిలా బదులు దాల్చినచెక్క ఫ్లేవర్ పెడదామని ఉంది. ఇదే పద్ధతి సరిపోతుందా?

తూనికరాయి:
సరిపోదు. దాల్చినచెక్క వాసననిచ్చే సినమాల్డిహైడ్ ఆవిరవుతుంది, పక్క వెల్‌లోకీ చేరుతుంది. కంట్రోల్‌కి వేరే ప్లేటు, పైన అంటించే సీలు, వీలైతే గాజు వెల్స్. పైగా అది టీఆర్‌పీఏ1 (నరాల్లో మంటను పసిగట్టే) చానల్‌ని రేపుతుంది, కాబట్టి ద్రవంలో ఉండగా గింజుకుంటే అది మంట కావచ్చు, కడిగాకే కొలవండి. పీజీతో నిల్వ ఉంటే ఈ ఆల్డిహైడ్ కొంత అసిటల్‌గా (పీజీతో కలిసి ఏర్పడే మరో పదార్థం) మారుతుంది (వెనిలిన్‌కీ ఇంతే), అందుకని తాజాగా కలిపినదీ నిల్వ ఉంచినదీ రెండూ పెడితే మంచిది.

నీటిగంట:
ఒకటి చేర్చాలి. ఇదంతా వేడెక్కని ద్రవం పరీక్ష. గ్లిజరిన్ నుంచి ఆక్రోలిన్, పీజీ నుంచి అసిటాల్డిహైడ్ వంటివి ఈ-సిగరెట్ కాయిల్ వేడికే పుడతాయి. శీర్షికలో "ఆవిరి" అని పెట్టకండి, రివ్యూయర్ మొదట పట్టుకునేది అదే.