తమ్ముడు కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, ఇప్పుడు అప్పీల్ ఉంటుందా?

ప్రశ్న (సత్తెనపల్లి నుంచి):
పొలం గట్టు దగ్గర మా తమ్ముడికీ పెదనాన్న కొడుక్కీ మాటా మాటా పెరిగి చెయ్యి చేసుకున్నారు. బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 115(2), 126(2) కింద, అంటే గాయపరిచాడని, అడ్డగించాడని కేసు. వాయిదా రోజు కోర్టు వరండాలో ఒకాయన "ఒప్పేసుకో బాబూ, ఫైన్ కట్టి మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటావు" అన్నాడట. లాయర్ లేడు. వీడు తలూపి, వెయ్యి రూపాయలు కట్టి రసీదు తెచ్చుకున్నాడు. ఇప్పుడు కానిస్టేబుల్ ఉద్యోగం అటెస్టేషన్ ఫారంలో శిక్ష పడిందా అన్న గడి చూసి అన్నం మానేశాడు. రెండు నెలలైంది. ఏం చెయ్యాలి?

జవాబు (అడ్వకేట్, నరసరావుపేట):
అమ్మా, ఒప్పుకున్న కేసులో అప్పీల్ దాదాపు లేనట్టే. బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) 416 ప్రకారం శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో తప్ప అడగలేం. మీకున్న దారి సెషన్స్ కోర్టులో రివిజన్, అంటే కింది కోర్టు చేసింది సరైనదేనా అని పై కోర్టును చూడమనడం, అదే చట్టంలో సెక్షన్ 438. గడువు 90 రోజులు. రేపే తీర్పు, కేసు రికార్డుల సర్టిఫైడ్ కాపీకి (కోర్టు ముద్ర వేసి ఇచ్చే నకలు) అప్లికేషన్ వేయండి, కాపీకి పట్టిన రోజులు గడువులో లెక్కెయ్యరు.

ఆ కాపీలో నేను ముందు చూసేది మీ తమ్ముడు ఏమన్నాడన్నదే. ఆరోపణ వివరించాలి, అతని జవాబు వీలైనంతవరకు అతని మాటల్లోనే రాయాలి. బీఎన్ఎస్ఎస్ 274, 275 చెప్పేది అదే. "తోశానండీ, ముందు కొట్టింది అతనే" అని ఉంటే అది నేరం ఒప్పుకోవడం కాదు. అచ్చేసిన కాగితం మీద "నేరం ఒప్పుకున్నాడు" అని, కింద సంతకం మాత్రమే ఉంటే మనకు గట్టి పాయింట్. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఇదే నియమం తప్పనిసరి అని మహంత్ కౌశల్యాదాస్ కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది.

అయితే రివిజన్ గెలిచినా కేసు మళ్ళీ విచారణకు రావచ్చు. అవతలి వాళ్ళతో ఇప్పుడు ఎలా ఉన్నారు?

అడిగినవారు:
సంక్రాంతికి అందరం కలిసే భోంచేశాం సార్. ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతానంటున్నాడు ఆ పెదనాన్న కొడుకు.

అడ్వకేట్:
అయితే సగం టెన్షన్ తీరినట్టే. ఆ రెండు సెక్షన్లూ రాజీ పడదగ్గవే. రివిజన్‌లోనే రాజీకి సెషన్స్ కోర్టు అనుమతి ఇవ్వొచ్చు, రాజీ నమోదైతే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. ఆ రోజు వరండాలో "ఒప్పుకో" అన్న పెద్దమనిషి "రాజీపడండి" అని ఉంటే పిల్లాడికి ఈ మచ్చే ఉండేది కాదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మరో జవాబు (రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, నల్గొండ):
అమ్మా, ఫారంలో మాత్రం దాచనివ్వకండి. నిజం రాసినా తీసుకోవాలా వద్దా అని శాఖ చూస్తుంది, 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన అవతార్ సింగ్ తీర్పులో ఆ సంగతి ఉంది. కానీ దాచినట్టు తేలితే ఆ ఒక్క కారణం చాలు తీసెయ్యడానికి. రివిజన్ వేశాక దాని నంబర్ కూడా ఫారంలో రాయించండి.